సాధారణ దినాల చరిత్ర: కుటుంబ దినచర్య పుస్తకాల ద్వారా పూర్వుల గ్రామ జీవిత పరిశీలన

ఉపోద్ఘాతం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, మహాసభల తీర్మానాలు మనకు గుర్తుకు వస్తాయి. సంఘ చరిత్ర విషయంలోనూ పరిస్థితి ఇంతకంటే భిన్నంగా లేదు. మిషనరీల రాక, మందిరాల ప్రతిష్ఠ, బాప్తిస్మముల సంఖ్య, సిద్ధాంత వివాదాలు గ్రంథస్థమయ్యాయి. అయితే ఆ మందిరాల్లో కూర్చున్నవారు తక్కిన ఆరు దినాలు ఎలా జీవించారు? ఏమి తిన్నారు, ఎవరికి బాకీపడ్డారు, బిడ్డ పుట్టినప్పుడు ఎవరిని పిలిచారు, బిడ్డ చనిపోయినప్పుడు ఏమనుకున్నారు? ఈ ప్రశ్నలకు అధికార నివేదికలు సాధారణంగా సమాధానం ఇవ్వవు.

ఇటువంటి ప్రశ్నలకు కొంతవరకైనా జవాబు చెప్పగలిగినవి కుటుంబాలలో తరతరాలుగా మిగిలిపోయిన దినచర్య పుస్తకాలు. అయితే ఇవి పైకి చూడడానికి ఎంతో నిస్సారంగా కనిపిస్తాయి. వాన కురిసింది, ఫలానా ఇంటికి వెళ్ళాను, నూలు వడికాను, ఇంత సొమ్ము ముట్టింది అనే మాటలే పేజీల కొద్దీ ఉంటాయి. అందుచేతనే వీటిని మొదట చేతపట్టిన పండితులు సైతం వీటిలో అధికభాగాన్ని పక్కన పెట్టారు. ఆ విధంగా పక్కన పెట్టిన భాగమే తరువాతి కాలంలో అమూల్యమైన ఆధారమయినదని చూపించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశ్యం. ఇందుకు ముఖ్యంగా అమెరికాలోని ఒక మంత్రసాని దినచర్యను, దానితోపాటు ఇంగ్లండులోని ఇద్దరు గ్రామ సంఘకాపరుల దినచర్యలను పరిశీలిద్దాం. చివరిగా ఈ పద్ధతి తెలుగు సంఘాల చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడుతుందో ఆలోచిద్దాం.

మార్తా బల్లార్డ్ దినచర్య: పుస్తకం బ్రతికిన విధానం

మార్తా మూర్ 1735లో మసాచుసెట్స్‌లోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించింది. 1754లో ఎఫ్రాయిము బల్లార్డ్‌ను వివాహం చేసుకుంది. ఆమెకు తొమ్మిదిమంది పిల్లలు. వారిలో ముగ్గురు కుమార్తెలు 1769 వేసవిలో వచ్చిన గొంతు వ్యాధి వలన మూడు వారాలలోపే మరణించారు. 1777లో ఆమె కెన్నెబెక్ నదీతీరంలో ఉన్న హాలోవెల్ అనే కొత్త పల్లెకు తరలివచ్చింది. ఈ ప్రాంతం నేడు మెయిన్ రాష్ట్రంలో ఉన్నది. భర్త భూములు కొలిచే సర్వేయరు. కలపకోత మిల్లు, పిండిమర కూడా నడిపేవాడు. ఆమె మంత్రసాని.

1785 జనవరి 1న, అంటే యాభయ్యవ ఏట, ఆమె వ్రాయడం మొదలుపెట్టి 1812 మే వరకు వ్రాసింది. 27 సంవత్సరాలలో దాదాపు 10 వేల దినాల నమోదులు ఉన్నాయి. ఆ సంవత్సరమే ఆమె మరణించింది. స్థానిక పత్రికలో ఆమె మరణవార్త ఒక్క వాక్యంలో ముగిసింది.

ఈ పుస్తకం కుటుంబంలోని స్త్రీల చేతుల మీదుగానే బ్రతికింది. మొదట కుమార్తె డాలీ దగ్గర, తరువాత డాలీ కుమార్తెల దగ్గర ఉండి, 1884లో మార్తా ముని మనుమరాలి కుమార్తె మేరీ హోబార్ట్ చేతికి వచ్చింది. మేరీ అదే సంవత్సరం వైద్యవిద్య పూర్తి చేసింది. మంత్రసాని పుస్తకం ఒక వైద్యురాలి చేతికి చేరింది. 1930లో ఆమె దానిని మెయిన్ రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చింది. ఏ తరంలోనైనా ఎవరో ఒకరు “ఈ పాత కాగితాలు ఎందుకు?” అని పొయ్యిలో వేసి ఉంటే మనకు ఏమీ మిగిలేది కాదు.

19వ శతాబ్దం చివరిలోను, 20వ శతాబ్దం ఆరంభంలోను ఆ ఊరి చరిత్ర వ్రాసినవారికి ఈ పుస్తకం తెలుసు. అయితే వారు ప్రముఖ వ్యక్తుల పేర్లు, విశేష సంఘటనలు ఉన్న నమోదులను ఏరుకొని, తక్కినవి చెప్పిందే చెప్పడమని విడిచిపెట్టారు. 1990లో లారెల్ థాచర్ అల్‌రిచ్ అనే చరిత్రకారిణి ఎ మిడ్‌వైఫ్స్ టేల్ అనే గ్రంథాన్ని ప్రచురించింది. 1991లో దానికి చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి లభించింది. ఆమె చేసిన పని, పూర్వులు విడిచిపెట్టిన ఆ పునరుక్తినే లెక్కపెట్టడం. ఒక్కొక్క నమోదులో విశేషం లేకపోవచ్చు. వేల నమోదులను వరుసలో పెట్టినప్పుడు ఒక ఊరి జీవన విధానం బయటపడుతుంది.

లెక్కపెట్టినప్పుడు కనిపించినవి

మొదటిది, ఆమె చేసిన పని పరిమాణం. దినచర్యలో 816 కాన్పులు ఉన్నాయి. ప్రతి కాన్పుకు అంచున సంఖ్య వేసి, ప్రతిఫలం ముట్టిన తరువాత గుర్తు పెట్టేది. 1787 ఆగస్టులో మూడు వారాల నమోదులను మాత్రమే తీసుకొని చూస్తే, ఆమె నాలుగు కాన్పులు చేసింది, పదహారుసార్లు రోగులను చూడడానికి వెళ్ళింది, మూడు శవాలను సమాధికి సిద్ధం చేసింది. వీటి మధ్య మూలికలు కోసి ఆరబెట్టింది. జననము, వ్యాధి, మరణము అనే మూడింటి దగ్గరా ఒకే స్త్రీ నిలబడి ఉంది. ఆ ఊరి మగవైద్యుల పేర్లు చరిత్రకెక్కాయి గాని ఈ సేవ చరిత్రకెక్కలేదు.

రెండవది, స్త్రీల ఆర్థిక వ్యవస్థ. మగవారి ఖాతా పుస్తకాలలో కలప, ధాన్యం, భూమి కనిపిస్తాయి. మార్తా పుస్తకంలో నూలు, నేత బట్ట, కోడిపిల్లలు, వెన్న, కూరగాయల మొక్కలు, ఒకరి ఇంటి పిల్ల మరొకరి ఇంట్లో పనిచేసిన దినాలు కనిపిస్తాయి. అవిసె పంటనే తీసుకుందాం. విత్తడం మగవారి పని. కలుపు తీయడం, పీకడం ఆడవారి పని. కాడలను నలగగొట్టడం మళ్ళీ మగవారి పని. దువ్వడం, వడకడం, నేయడం ఆడవారి పని. ఒకే బట్టలో ఇద్దరి శ్రమా ఉన్నప్పటికీ, ఒకరి లెక్క మాత్రమే వ్రాతలో నిలిచింది. కుమార్తెలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక మగ్గం పని తగ్గి, ఇంటి చాకిరీ అంతా వృద్ధురాలైన తల్లి మీద పడిన వైనం కూడా ఈ పేజీలలోనే తెలుస్తుంది.

మూడవది, నైతిక జీవితం గురించిన మన ఊహలు. పూర్వులు మనకంటే కట్టుబాటు గలవారని సాధారణంగా అనుకుంటాం. 1785 నుండి 1797 వరకు మార్తా చేతుల మీదుగా తొలి కాన్పు జరిగిన 106 మందిలో 40 మంది వివాహానికి ముందే గర్భం ధరించినవారని అల్‌రిచ్ లెక్కకట్టింది. వారిలో అధికులు కాన్పుకు ముందే వివాహం చేసుకున్నారు. పెళ్ళికాని స్త్రీ ప్రసవ వేదనలో తండ్రి పేరు చెప్పితే దానికి చట్టంలో విలువ ఉండేది, మంత్రసాని సాక్షిగా ఉండేది. 1791 అక్టోబరులో అటువంటి ఒక కాన్పులో ఆ యువతి చెప్పిన పేరు మార్తా కుమారుడు యోనాతానుది. తల్లి ఆ పేరును దాచకుండా వ్రాసింది. 1792 ఫిబ్రవరిలో వారిద్దరికీ వివాహం జరిగింది. కుటుంబ గౌరవం కోసం ఒక్క పేజీ చింపివేయడం ఆమెకు కష్టం కాదు. ఆమె ఆ పని చేయలేదు, ఆమె తరువాతివారూ చేయలేదు.

సంఘ చరిత్రకు సంబంధించిన ఒక సాక్ష్యం

వేదాంత విద్యార్థులకు ప్రత్యేకంగా ముఖ్యమైన ఉదాహరణ ఒకటి ఈ దినచర్యలో ఉంది. హాలోవెల్ సంఘానికి ఐజాక్ ఫాస్టర్ అనే కాపరి ఉండేవాడు. అతని బోధ సరియైనది కాదని కొందరు సభ్యులు ఎదిరించారు. వారిలో ముఖ్యుడు హెన్రీ స్యూవల్ కూడా దినచర్య వ్రాసినవాడే. కొంతకాలానికి ఫాస్టర్ పదవి పోయింది. సంఘ చరిత్రగా చెప్పుకుంటే ఇది సిద్ధాంత వివాదంగా ముగుస్తుంది.

కాని కాపరి భార్య రెబెకా, తన భర్త ఊరిలో లేని సమయంలో కొందరు తనను అవమానించి బాధపెట్టారని మార్తాకు చెప్పుకుంది. ఆమె ఆరోపించిన వారిలో జోసెఫ్ నార్త్ అనే న్యాయాధిపతి ఉన్నాడు. అతనిపై మానభంగ నేరం మోపబడింది. 1789 జులైలో విచారణ జరిగినప్పుడు మార్తా ప్రయాణం చేసి వెళ్ళి సాక్ష్యం చెప్పింది. నార్త్ నిర్దోషిగా విడుదలయ్యాడు. ఆ తీర్పు గురించి తాను విన్నవారందరికీ అది ఎంతో ఆశ్చర్యం కలిగించినట్లు ఆమె దినచర్యలో వ్రాసుకుంది. న్యాయస్థానపు కాగితాలు నిందితుని పేరు, తీర్పు మాత్రమే చెబుతాయి. ఆ స్త్రీ ఏ సమయంలో, ఎవరి ముందు, ఏ స్థితిలో తన బాధను చెప్పుకున్నదో తెలిపేది మంత్రసాని పుస్తకమే. సిద్ధాంత వివాదపు పత్రాలు మాత్రమే చదివిన చరిత్రకారునికి ఆ కాపరి ఇంటిలోని దుఃఖం కనిపించదు. మన సంఘాల చరిత్రలలో కూడా ఇటువంటి కనిపించని గదులు ఎన్ని ఉన్నాయో ఆలోచించవలసి ఉంది.

రాల్ఫ్ జోసెలిన్: విశ్వాసం, పొలం, కుటుంబం

ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతంలోని ఎర్ల్స్ కోన్ అనే గ్రామానికి రాల్ఫ్ జోసెలిన్ 1641 నుండి 1683లో మరణించేవరకు కాపరిగా ఉన్నాడు. ఆయన కాపరి మాత్రమే కాదు, రైతు, కొంతకాలం బడిపంతులు కూడా. 1908లో ఈ దినచర్యను తొలిసారి ముద్రించిన సంపాదకుడు వాతావరణం, అనారోగ్యం, దేవునికి కృతజ్ఞతలు మళ్ళీమళ్ళీ వచ్చే భాగాలను చాలావరకు తొలగించాడు. 1970లో అలన్ మక్‌ఫార్లేన్ అనే పరిశోధకుడు మూలప్రతిని ఆధారం చేసుకొని జోసెలిన్ కుటుంబ జీవితంపై గ్రంథం వ్రాసాడు. 1976లో పూర్తి పాఠాన్ని ప్రచురించాడు. ముందటి సంపాదకుడు తీసివేసిన అనారోగ్యాలు, ప్రార్థనలే ఈయనకు ముఖ్యమైన సమాచారమయ్యాయి.

జోసెలిన్ దృష్టిలో దైవ సంకల్పానికి వెలుపల ఏ చిన్న విషయమూ లేదు. 1644లో ముక్కుమీద తేనెటీగ కుట్టినప్పుడు ముల్లు తీసి తేనె రాసుకొని, వాపు రాకపోవడాన్ని దేవుని కాపుదలగా వ్రాసుకున్నాడు. ఇదే దృష్టి దుఃఖ సమయంలో ఆయనను ఎంతో బాధించింది. 1648లో పసిబిడ్డ చనిపోయినప్పుడు, తాను వేళకాని వేళలో చదరంగం ఆడినందుకు ఇది శిక్షేమోనని తనను తాను పరీక్షించుకున్నాడు. 1650లో ఎనిమిదేళ్ళ కుమార్తె మేరీ, ఆ తరువాత కొద్ది దినాలకే మరొక పసిబిడ్డ మరణించారు.

పూర్వకాలంలో పిల్లలు ఎక్కువమంది చనిపోయేవారు కాబట్టి తల్లిదండ్రులకు అంతగా దుఃఖం ఉండేది కాదని కొందరు చరిత్రకారులు వాదించారు. జోసెలిన్ పేజీలు ఆ వాదనకు ఎదురు నిలుస్తాయి. పసికందు మరణానికంటే మాటలు నేర్చిన పిల్ల మరణానికి ఆయన ఎక్కువగా వ్రాసాడు, అది నిజమే. కాని ప్రేమ లేదని చెప్పడానికి మాత్రం వీలులేదు. అంతేకాక ఆనాటి గ్రామ విశ్వాసి తన వేదాంతాన్ని గ్రంథాలలో కాక జ్వరం, పంట, పశువు, బిడ్డ అనే వాటి మధ్య ఎలా అనుభవించాడో ఇక్కడ చూడగలం. ప్రసంగాల సంపుటం ఆయన బోధించినది తెలుపుతుంది. దినచర్య ఆయన భయపడినది తెలుపుతుంది.

జేమ్స్ వుడ్‌ఫోర్డ్: భోజనపు బల్ల నుండి గ్రామం

మరొక శతాబ్దం తరువాత నార్‌ఫోక్‌లోని వెస్టన్ లాంగ్‌విల్ గ్రామంలో కాపరిగా ఉన్న జేమ్స్ వుడ్‌ఫోర్డ్ 1758 నుండి 1802 వరకు దినచర్య వ్రాసాడు. కుటుంబం దగ్గర మిగిలిన ఈ పుస్తకాల నుండి ఏరిన భాగాలు 1924-1931 మధ్య ఐదు సంపుటాలుగా వచ్చాయి. ఆత్మపరీక్ష ఇందులో తక్కువ. ఏ పూట ఏమి వండారో, ఎవరికి ఎంత ఇచ్చారో విస్తారంగా ఉంటుంది. దొంగరవాణా చేసేవాని దగ్గర రాత్రివేళ టీ ఆకు కొన్న సంగతి కూడా దాపరికం లేకుండా వ్రాసాడు. పన్ను అధికంగా ఉన్న కాలంలో గ్రామమంతా దొంగసరుకు మీద ఎలా ఆధారపడిందో ఇటువంటి నమోదు వలన అర్థమవుతుంది.

ఏటా దశమభాగం చెల్లించడానికి వచ్చిన రైతులకు ఆయన విందు చేసేవాడు. క్రిస్మస్ కాలంలో ఊరి పేదలకు తలకొక చిన్న నాణెం ఇచ్చేవాడు. ఈ రెండు నమోదులను పక్కపక్కన పెట్టి చూస్తే గ్రామంలోని అంతస్తులు స్పష్టమవుతాయి. పనివారికి సంవత్సరానికి ముట్టిన జీతమూ కాపరి ఒక్క విందుకు పెట్టిన ఖర్చూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆ పనివారు తమ గురించి ఏమీ వ్రాసుకోలేదు. అయినను యజమాని లెక్కలలో వారి పేర్లు మిగిలాయి.

ఈ పుస్తకాలను చదివే పద్ధతి

పై మూడు ఉదాహరణల నుండి పరిశోధకుడు కొన్ని నియమాలు నేర్చుకోవచ్చు.

1. తేదీని సరిచూడాలి. జోసెలిన్ కాలంలో ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న ప్రారంభమయ్యేది. 1752లో మాత్రమే జనవరి 1కి మారింది. ఇది తెలియనివారు ఫిబ్రవరిలో జరిగిన మరణాన్ని ఒక సంవత్సరం ముందుకు జరుపుతారు. మన దేశంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఒక పాత పుస్తకంలో “ధాత సంవత్సరం” అని ఉంటే అది 1876-77 కావచ్చు, 1936-37 కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. రెవెన్యూ లెక్కలలోని ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది; అది జులైలో మొదలవుతుంది గనుక రెండు ఇంగ్లీషు సంవత్సరాలలో పడుతుంది.

2. కొలతలను సరిచూడాలి. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు అనే లెక్క పెద్దలకు తెలుసు. కాని కుంచం ఎంత పెద్దది అనేది ప్రాంతాన్ని బట్టి మారేది. వ్రాసినవారి ఊరి కొలత తెలియకుండా పంట ఎక్కువో తక్కువో నిర్ణయించకూడదు.

3. పునరుక్తిని లెక్కపెట్టాలి. ఏ నెలలో అప్పు తీసుకున్నారు, ఏ నెలలో తీర్చారు, ఏ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళారు అని పట్టిక వేయాలి. ఒక సంఘటన కథ చెబుతుంది, వంద సంఘటనలు అలవాటును చెబుతాయి.

4. ఇతర ఆధారాలతో పోల్చాలి. సంఘ రిజిస్టర్లు, భూమి కాగితాలు, న్యాయస్థాన రికార్డులు, అదే ఊరివారి మరొక దినచర్య ఉంటే అది, వీటన్నిటి ప్రక్కన పెట్టి చదవాలి. అల్‌రిచ్ విచారణ పత్రాలను చూడకపోతే రెబెకా ఫాస్టర్ సంగతి సగమే తెలిసేది.

5. మౌనాన్ని గమనించాలి. దినచర్య సంపూర్ణ సాక్షి కాదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరూ వ్రాయరు. సిగ్గుపడిన విషయాన్ని చాలామంది వ్రాయరు. 1804-1805లో పన్నుల బకాయి కారణంగా ఎఫ్రాయిము చెరసాలలో ఉన్నప్పుడు మార్తా కట్టెల కొరత గురించి ఎక్కువగా వ్రాసింది. పొయ్యి వెలగని ఇంటిలో ఆ కట్టెల మాటల్లోనే ఆమె ఒంటరితనాన్ని చదవవలసి ఉంటుంది.

తెలుగు సంఘాలకు అన్వయింపు

తెలుగులో రోజువారీ వ్రాత కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేస్తూ వ్రాసిన దినచర్య 1838లో అచ్చయింది. కాని అది ప్రయాణపు పుస్తకం, వ్రాసినవారు మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. పల్లెలో నిలకడగా ఉన్న ఇంటి దైనందిన చరిత్ర వేరే చోట్ల వెదకాలి. పంచాంగం అంచులలో వ్రాసిన జమాఖర్చులు, చిట్టా పుస్తకాలు, 1984లో రద్దయ్యేవరకు గ్రామ లెక్కలు చూసిన కరణాల ఇళ్ళలోని కాగితాలు, కుటుంబ బైబిలు మొదటి పేజీలో వ్రాసిన పుట్టినరోజులు, గ్రామ బోధకుల నోటు పుస్తకాలు, బడిపంతుళ్ళ డైరీలు, ఇవన్నీ ఈ కోవకు చెందినవే.

ఒక ఉదాహరణ ద్వారా దీని అవసరం స్పష్టమవుతుంది. ధాత కరువుగా పేరుపడిన 1876-78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకొని పేదలకు పని కల్పించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది దగ్గర వెల్లంపల్లిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను సంఘ చరిత్రలన్నీ చెబుతాయి. కాని ఆ 2,222 మందిలో ఒక్క కుటుంబం జులై 4వ తేదీన ఏమి చేసిందో మనకు తెలుసా? ఆ పూట గంజి దొరికిందా? ఊరి పెద్దలు పని ఇచ్చారా, మానివేసారా? ఊరి బావి, ఊరి పండుగ, పాత బంధుత్వాలు ఏమయ్యాయి? వారిలో అత్యధికులు చదువురాని మాదిగ కుటుంబాలవారు గనుక ఆ దినాన వారు వ్రాసుకోలేదు. కాబట్టి వారి తరువాతి తరంలో అక్షరాలు నేర్చిన బోధకుడు, ఉపాధ్యాయురాలు, బైబిలు స్త్రీ వ్రాసుకున్న కొద్దిపాటి పేజీలు ఎంతో విలువైనవి. కేవలం మిషనరీ ఉత్తరాల మీద ఆధారపడితే మన పూర్వులు సంఖ్యలుగానే మిగిలిపోతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. దినచర్య వ్రాయగలిగినవారు గ్రామంలో కొద్దిమంది. ఒక్క బోధకుని పుస్తకాన్ని చదివి పల్లె అంతా ఇలాగే ఉండేదని తీర్మానించకూడదు. వ్రాసినవారి పుస్తకంలో వ్రాయనివారి అడుగుజాడలు వెదకాలి. ఫలానా కూలీకి ఇన్ని మానికల జొన్నలు ఇచ్చాను అనే ఒక్క పంక్తి, ఆ కూలీ గురించి మనకున్న ఏకైక లిఖిత సాక్ష్యం కావచ్చు. దానితోపాటు వృద్ధుల జ్ఞాపకాలను నమోదు చేసి పోల్చుకోవాలి.

కుటుంబ గౌరవం అనే ప్రశ్న కూడా ఎదురవుతుంది. పాత పుస్తకంలో అప్పులు, తగాదాలు, సంఘ క్రమశిక్షణ, ఇంటి ఆడవారు పడిన కష్టాలు ఉండవచ్చు. అవి కనిపించగానే పేజీలు తొలగించాలని వారసులకు అనిపించడం సహజం. ఇంకా బ్రతికి ఉన్నవారికి హాని కలిగించే సంగతులను ప్రచురించనవసరం లేదు. కాని ప్రచురించకపోవడం వేరు, నాశనం చేయడం వేరు. మూలప్రతిని చెక్కుచెదరకుండా ఉంచి, పేజీ పేజీకి ఫోటో తీసి, అది ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చిందో వ్రాసిపెట్టి, సెమినరీ గ్రంథాలయంలో గాని నమ్మకమైన మరొక చోట గాని ఒక ప్రతిని భద్రపరచడం వారసుల కనీస బాధ్యత.

ముగింపు

హాలోవెల్ మంత్రసాని, ఎర్ల్స్ కోన్ కాపరి, వెస్టన్ కాపరి ముగ్గురూ చరిత్ర వ్రాస్తున్నామని అనుకోలేదు. ఒకరు ముట్టవలసిన ప్రతిఫలం కోసం, ఒకరు తన ఆత్మస్థితిని పరీక్షించుకోవడం కోసం, ఒకరు అలవాటు కొద్దీ వ్రాసుకున్నారు. వారి వ్రాతకు విలువ కట్టడంలో మొదటి సంపాదకులు పొరబడ్డారు. విశేషం కోసం వెదికినవారికి సాధారణం అడ్డుగా తోచింది. పూర్వుల జీవితంలో అధికభాగం సాధారణమైనదే గనుక, దానిని విడిచి వ్రాసిన చరిత్ర వారి చరిత్ర కాలేదు.

మన పల్లె సంఘాలలో శతవార్షిక సంచికలు తయారవుతున్నప్పుడు కాపరుల జాబితా, మందిర నిర్మాణ ఖర్చు, అతిథుల ఫోటోలు తప్పక చేరుతున్నాయి. వాటితోపాటు ఆ సంఘంలోని ఒక్క పాత కుటుంబపు నోటు పుస్తకం నుండి ఒక్క సంవత్సరపు లెక్కలనైనా యథాతథంగా అచ్చువేయగలిగితే, రాబోయే తరం పరిశోధకులకు అది ఎంతో ఉపకరిస్తుంది. కాగితం చెదలకు, తేమకు లోబడేది. ఇంకా అటకల మీద, ట్రంకు పెట్టెలలో మిగిలి ఉన్న వాటిని ఈ తరమే వెదకి తీయవలసి ఉంది.